రెండో చరణం

గిన్నెలు తోముతూ ఆమె తన పాటల్ని తనకే అప్పజెప్పుకుంటోంది. బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలా, తప్పు పోతే ఎవరో చెవి మెలిపెడతారన్నంత భయంగా. కుళాయి సన్నగా తిప్పుకుంది, నీటి చప్పుడు ఎక్కువైతే మాటలు జారిపోతాయేమోనని. మొదటి పాట వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడో పాట రెండో చరణంలో, 'ఆఖరి బస్సులో దీపమొక్కటే నిద్రపోక నన్ను చూసింది' అన్న దగ్గర నోరు ఆగిపోయింది. ఆ తర్వాత మాటే లేదు. చేతిలోని గరిటె మీంచి సబ్బునురుగు మోచేతి దాకా కారింది.

రాసిందీ తనే, బాణీ కట్టిందీ తనే, ఇదే వంటగదిలో కిటికీకి దుప్పట్లు కట్టి రికార్డు చేసిందీ తనే. జుట్టు నెరవక ముందు నుంచీ పాడుతున్న పాట.

వాళ్లమ్మకు ఇదే వయసులో మొదలైంది. ముందు తాళంచెవులు, తర్వాత పొయ్యి మీద పాలు, ఆ తర్వాత మనుషులు. చివరికి తలదువ్వుతున్న కూతురి చెయ్యి పట్టుకుని, "మంచిదానివమ్మా, నువ్వెవరి అమ్మాయివి?" అని అడిగింది. తను మాత్రం ఇంకా డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. పేరు పెట్టనంత కాలం అది ఉత్త మతిమరుపే కదా!

పగలు ఆమె కర్టెన్ల కొట్టులో గుడ్డ కత్తిరిస్తుంది. ఆ రోజు ఒకావిడ కిటికీ కొలత చెప్పి, డబ్బు కట్టడానికి అటు తిరిగింది. ఇటు కత్తెర చేతిలోకి తీసుకునేసరికి కొలత లేదు. గుడ్డ మీద పెట్టిన బొటనవేలు చల్లబడింది.

"ఏంటక్కా, మళ్లీ పాటలో పడ్డావా?" అంది కొట్టు యజమానురాలు నవ్వుతూ.

"అవును, కొత్త బాణీ ఒకటి తిరుగుతోంది," అని ఆమె కూడా నవ్వింది. ఆ అబద్ధం ఆమెకు బాగా అలవాటైపోయింది. పాడేవాళ్ల పరధ్యానాన్ని లోకం ముద్దుగానే చూస్తుంది.

సాయంత్రం గిటారు వీపున వేసుకుని బస్సెక్కింది. పుస్తకాల కొట్టు మేడ మీద చిన్న హాలు, నెలకోసారి అక్కడ పాడుతుంది. ఆమె వెళ్లేసరికి, ఆమె పాటలకు డ్రమ్ములు వాయించే డబ్బా అన్న వాటిని మోసుకుని మెట్లెక్కుతున్నాడు. మధ్యలో ఆగి, పిట్టగోడ పట్టుకుని, ఊపిరి కూడదీసుకుని మళ్లీ ఎక్కాడు.

అతనిది టైర్ల కొట్టు. కుర్రతనంలో డ్రమ్ములు కొనే స్తోమత లేక ఖాళీ రంగు డబ్బాల మీద వాయించేవాడు. 'సొంత డబ్బా కొట్టుకోవడమంటే వీడిదేరా' అని నవ్వి, స్నేహితులు ఆ పేరు ఖాయం చేశారు. ఆమెకు పిట్ట అన్న పేరు అతనే పెట్టాడు. సన్నటి ఒళ్లు, సన్నటి గొంతు, చప్పుడైతే ఎగిరిపోయేలా ఉండేది. మొదటి బృందం ఆ టైర్ల కొట్టు అటక మీదే పుట్టింది. పాడేవాడు వేరే ఉండేవాడు. ఆమె అతని వెనక నిలబడి గిటారు వాయించేది. జనం ముందు నిలబడాలంటే బెదురు కాబట్టి ఆ వెనకచోటే ఆమెకు స్వర్గం. ఆ పాడేవాడికి బ్యాంకు ఉద్యోగం వచ్చి బృందం చెదిరింది. రెండో బృందంలో ఆమెకు పాడక తప్పలేదు. రెండు ఆల్బములు వచ్చాయి, పాత వ్యానులో ఊరూరా తిరిగారు. అందులో గిటారు వాయించినవాణ్ణి పెళ్లాడింది. అతను బృందాన్నీ ఆమెనూ ఒకే వారంలో వదిలేశాడు. 'పోనీలే, రెండుసార్లు ఏడవక్కర్లేకుండా చేశాడు' అన్నాడు డబ్బా అన్న. ఆ తర్వాత ఆమె ఒంటరిగానే పాడింది. దాక్కోవడానికి ముందు ఎవరూ లేరు కాబట్టి, వెనకన్నా ఎవరో ఒకరు ఉండాలని డబ్బా అన్నను డ్రమ్ములతో కూర్చోబెట్టుకుంది.

తీగలు సరిచేస్తూ ఆమె చివరికి అనేసింది.

"అన్నా, పాటలు పోతున్నాయి."

అతను బిగిస్తున్న మర వదలకుండానే, "తెలుసు," అన్నాడు. "పోయిన నెల ఒకే చరణం రెండుసార్లు పాడావు. జనం అదేదో ప్రయోగమనుకుని చప్పట్లు కొట్టారు."

ఆమెకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. "అమ్మలాగే అయిపోతానన్నా. భయమేస్తోంది. పడుకోవాలన్నా భయమే, లేచేసరికి ఇంకేం పోతుందోనని."

అతను మర వదిలి ఆమెకేసి చూశాడు. "రేపు డాక్టరు దగ్గరికి పోదాం. నేనూ వస్తా. పాటలంటావా, అన్నీ నా బుర్రలో ఉన్నాయి. ఇన్నేళ్లు నీ వెనక కూర్చుని ఏం చేశాననుకున్నావు? నువ్వు ఆగితే నేను అందిస్తా."

"ఆ గొంతుతోనా?"

"గాడిద గొంతైనా మాట మాటే కదే!"

హాలు సగం నిండింది. మూడో పాట దగ్గరపడుతున్నకొద్దీ ఆమె కళ్లకు ఎదుటి మొహాలు ఒకదాన్లోకి ఒకటి కలిసిపోయాయి. బస్సు వచ్చింది, దీపం వచ్చింది, దీపం చూసింది. అంతే. నోరు తెరిచే ఉంది. వేళ్లు మాత్రం అలవాటు కొద్దీ తీగల మీద తిరుగుతున్నాయి. వెనక్కి తిరిగి అడగడానికి మెడ కూడా తిరగలేదు. ముందు వరసలో ఒకతను తల పైకెత్తాడు. ఇక వీళ్లందరికీ తెలిసిపోతుంది, అనుకుంది.

అప్పుడు వెనకనుంచి, బొంగురుగా, శ్రుతికి ఆమడ దూరంలో వచ్చింది: "దిగమని అడగలేదు, ఎక్కమని పిలవలేదు..."

ఎవరో నవ్వారు, ఎగతాళిగా కాదు. ఆమె ఆ మాట అందుకుంది. చివరిదాకా పాడింది. మిగతా పాటల్లో మరో రెండుచోట్ల తడబడితే అతను అందించాడు. జనం అదీ పాటలో భాగమే అనుకున్నారు. నెలల తరబడి గుండె మీద కూర్చున్నదేదో ఆ కాసేపు లేచి పక్కకు జరిగింది.

చప్పట్లయ్యాయి. ఆమె గిటారు పెట్టెలో పెట్టి, పుస్తకాల కొట్టాయనతో రెండు మాటలాడి వచ్చింది. డబ్బా అన్న గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు.

"అన్నా, లే. నీ కచేరీ బాగుందట, నన్నెవరూ అడగట్లేదు."

అతను లేవలేదు. భుజం మీద చెయ్యి వేసింది. చొక్కా చెమటకు తడిసి ఉంది, కింద ఒళ్లు మాత్రం ఆమె చేతికి బదులివ్వలేదు. ఆమె అరిచిందో లేదో ఆమెకే తెలియదు. ఎవరో ఛాతీ నొక్కారు, ఎవరో ఫోను చేశారు. అంబులెన్సువాళ్లు వచ్చి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, నెమ్మదిగా స్ట్రెచర్ మీదికి ఎత్తారు. తొందరేమీ లేనట్టు మెట్లు దిగారు.

"మీరు ఆయనకేమవుతారమ్మా?" అని అడిగాడు అందులో ఒకతను.

"చెల్లెల్ని," అంది. అది మాత్రం తడుముకోకుండా వచ్చింది.

కింద బండి సిద్ధం చేస్తున్నారు, ఆమె కూడా రావచ్చన్నారు. గిటారు తెచ్చుకోవడానికి మేడెక్కింది. హాల్లో ఎవరూ లేరు. భయం తిరిగొచ్చి తన పాతచోట్లో కూర్చుంది, ఈసారి కాళ్లు చాపుకుని. ఆమె పెదాలు కదిపి చూసింది. దిగమని అడగలేదు. ఆ మాట వచ్చింది. కానీ తన గొంతుతో రాలేదు, బొంగురుగా అతని గొంతుతోనే వచ్చింది. రేపు పొద్దున ఇది కూడా ఉంటుందో ఉండదో!

పెడల్ కాలికి తెలియాలని అతను ఎప్పుడూ వట్టికాళ్లతోనే వాయించేవాడు. పెద్ద డ్రమ్ము పక్కన అతని బూట్లు, లేసులు వదులుగా, ఒకదాన్లో రెండు మేజోళ్లూ కుక్కి, తలుపు వైపు తిరిగి ఉన్నాయి.