ఉప్పు తప్ప

గుడ్డ విప్పి, పసుపూ వేపాకూ నూరిన ముద్దను వేలితో తీసేసి, రామన్న అరికాలును వెలుతురులోకి తిప్పుకుని చూసుకున్నాడు. చీము లేదు. చిల్లు మూసుకుంది. తొమ్మిది రోజుల కింద, బిల్డింగు కడుతున్న చోట పొయ్యిలోకి చెక్కపేళ్ళు ఏరుతుంటే తుప్పు మేకు దిగిన చోటు అది. అయినా కొత్త ముద్ద పెట్టి మళ్ళీ చుట్టాడు. ఏ పుండుకైనా పదిరోజులు మందు పడాలని అతని లెక్క.

భార్య చంద్రమ్మ జొన్నరొట్టె పెట్టింది. నోరు తెరవబోతే దవడలు సగంలో ఆగిపోయాయి. రొట్టెను చాయలో నానబెట్టి పళ్ళ సందున తోసుకున్నాడు.

"నిన్నటి సంది గట్లనే తింటున్నవ్. దవాఖానకు పోదాం పా," అంది చంద్రమ్మ.

"వాతం. లవంగం పెట్టుకుంట. డాక్టరు దగ్గరికి ఎన్నడన్న పోయిన్నా నేను?"

పోలేదు. తమ ఊరు కొత్తగూడలో కులానికొక పని ఉన్న రోజుల్లో కూడా రామన్నకు ఒకరి వాకిట నిలబడటం గిట్టేది కాదు. మట్టి తొక్కి గోడ పెట్టిందీ, దూలం చెక్కిందీ, బావి తవ్విందీ అతనే. చెప్పులు కుట్టుకున్నాడు, మంచం అల్లుకున్నాడు, పుచ్చిన పన్ను దారం కట్టి పీక్కున్నాడు. ఊరు కొంత నవ్వింది, కొంత తిట్టింది. తాను బజారులో కొనేది ఉప్పొక్కటేనని అతను గొప్పగా చెప్పుకునేవాడు. పాతికేళ్ళ కింద ముసురులో వాగు పొంగి మంత్రసాని రాలేకపోతే, చంద్రమ్మకు పురుడు కూడా తనే పోశాడు. కొడవలితో బొడ్డు కోశాడు. ఆడపిల్ల. తొమ్మిదో నాడు పోయింది. ఆయుష్షు అంతే రాసి ఉందనుకున్నారు ఇద్దరూ. తర్వాత పిల్లలు కలగలేదు.

మూడెకరాల రాళ్ళ చెలక రోడ్డుకూ ప్లాట్లకూ పోయాక, మాదాపూర్‌లో కంప్యూటర్ల కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ పని దొరికింది. పొద్దున్నించి సాయంత్రం దాకా చక్రాల గేటును ఎడమకు తొయ్యడం, కుడికి లాగడం. ఇంకేదీ ముట్టుకోకూడదు. మొక్కలకు నీళ్ళు ఒకరి పని, అద్దాలు తుడవడం ఇంకొకరి పని. కారుతున్న కుళాయికి గుడ్డపీలిక చుట్టినందుకు మొదటి నెలలోనే మాట పడ్డాడు.

ఆవేళ తొమ్మిదింటికి గేటు సగంలో ఇరుక్కుంది. కార్లూ స్కూటర్లూ రోడ్డు మీద బారు తీరాయి. రామన్న వంగి చూశాడు. వంగుతుంటే వెన్ను కర్రలా బిగిసింది. చక్రం కింద కంకర రాయి దూరింది, అంతే.

లోపల్నుంచి సుబ్బలక్ష్మిగారు వచ్చారు. ఆఫీసు వ్యవహారాలన్నీ చూసే భీమవరం ఆవిడ. ఎవరినీ గట్టిగా అనరు.

"రాయి పడ్డది మేడం. గడ్డపార తెస్త. ఐదు నిమిషాల్ల ఐపోతది," అన్నాడు రామన్న. మాట పళ్ళ మధ్య నలిగి వచ్చింది.

"వద్దండి రామన్నా, ముట్టుకోకండి. మనం చెయ్యి పెడితే గేటు వాళ్ళు గ్యారంటీ ఇవ్వరు. బాలానగర్ నుంచి వాళ్ళ మనిషి బయలుదేరాడు." ఆవిడ అతని ముఖంలోకి చూశారు. "ఏంటలా ఉన్నారు? పోనీ డాక్టరుకి చూపించుకోండి."

"నాకేం ఫికర్ లేదు మేడం. నా ఒళ్ళు నాకు తెల్వదా."

రెండు గంటలు నిలబడ్డాడు. ఉద్యోగులు వాహనాలు రోడ్డు మీదే వదిలి, గేటు సందులోంచి ఒక్కొక్కరే పక్కకు తిరిగి లోపలికి పోయారు. ఎవరూ వంగి చూడలేదు. తన ముందున్న ఐదు నిమిషాల పనిని చేతులు కట్టుకుని చూడటం అతనికి కాలి నొప్పి కంటే కష్టంగా ఉంది.

బాలానగర్ మనిషి వచ్చి, గడ్డపారతో చక్రం ఎత్తి, రాయి తీసి పారేశాడు. సరిగ్గా అప్పుడే, అవతల కొత్త ప్లాట్ల కోసం రాతిగుట్టను మందు పెట్టి పేల్చారు. ఆ చప్పుడుకు రామన్న వెనక్కి విల్లులా వంగి పడిపోయాడు. తలా మడమలూ తప్ప ఒంట్లో ఏదీ నేలకు ఆనలేదు. తెలివి మాత్రం తప్పలేదు. ఎవరో తన కాళ్ళు పట్టుకోవడం, సుబ్బలక్ష్మిగారు వ్యాను పిలవడం, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి.

దవాఖానలో, వెలుతురు పడకుండా కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గదిలో పడుకోబెట్టారు. కబురంది చంద్రమ్మ వచ్చింది. మధ్యాహ్నం పెద్ద డాక్టరు విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చి, గొంతు తగ్గించి వాళ్ళకు చెప్పాడు.

"ధనుర్వాతం. గాయమైన రోజే వచ్చి ఇంజెక్షన్ తీసుకుని ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదు. తుప్పు మేకే అక్కర్లేదు. శుభ్రం లేని కత్తితో బొడ్డు కోస్తే పసిపిల్లలకూ ఇదే. రెండు మూడు రోజులు బాగానే పాలు తాగుతారు. తర్వాత నోరు బిగిసి చన్ను పట్టరు. పదిరోజుల్లోపు పోతారు."

వాళ్ళు పక్క మంచానికి వెళ్ళిపోయారు.

పెదవులు ముడుచుకుని, దూదితో పిండిన పాలు బుగ్గల మీదుగా కార్చేసిన చిన్న ముఖం రామన్నకు కనిపించింది. దిష్టి అనుకుని, అప్పుడు కూడా తనే ఆకు పసరు పోశాడు. కళ్ళు తిప్పి చంద్రమ్మను చూశాడు. ఆమె కూడా విన్నది. మంచం పట్టెను పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది. ఏదో చెప్పాలని అతను గింజుకున్నాడు. పళ్ళు విడలేదు.

చంద్రమ్మ దుప్పటి లాగి అతని కాలు కప్పింది.

"నీకేం తెలుసు, నాకేం తెలుసు. ఇగ పండుకో," అంది.

మూడో నాడు తెల్లవారుతుండగా, నర్సు సెలైను సీసా మార్చడానికి వచ్చేసరికి రామన్నకు ఊపిరి లేదు.

శేరిలింగంపల్లి నుంచి కొత్త వాచ్‌మన్ వచ్చాడు. గేటు ఎటు తొయ్యాలో, ఎటు లాగాలో సుబ్బలక్ష్మిగారే దగ్గరుండి చూపించారు. అతను కూర్చోవడానికి గేటు పక్కనున్న వాచ్‌మన్ గదిలోకి వెళ్ళి, గుమ్మంలోనే ఆగిపోయాడు. వైర్లు తెగిన పాత ఇనప కుర్చీ. కంప్యూటర్ల పెట్టెలకు చుట్టి వచ్చే నీలం ప్లాస్టిక్ పట్టీలతో ఎవరో దాన్ని కొత్తగా, బిగువుగా అల్లుతూ సగంలో వదిలేశారు. అల్లని సగంలోంచి కింద గచ్చు కనిపిస్తోంది, పట్టీల కొసలు గాలికి కదులుతున్నాయి.