అన్నం వడ్డించేవాళ్ళని అడిగే మనిషి

బేరం మూడు కోట్ల యెన్ల దగ్గర మొదలైంది. మొదటి విడత టీ పోసేసరికి మూడున్నరకి వచ్చింది. రెండో విడతకి నాలుగు. కెటిల్ పట్టుకుని పోస్తున్నది నేనే.

మా ఫుట్‌బాల్ క్లబ్బు ఆటగాళ్ళ హాస్టల్లో వంటా వార్పూ, ఒంట్లో బాగోకపోతే కషాయం కాచివ్వడం, అన్నీ నావే. పంతొమ్మిదేళ్ళ నుంచీ ఇదే పని. ఇరవై ఇద్దరు కుర్రాళ్ళూ నన్ను అమ్మా అనే పిలుస్తారు. ప్రెసిడెంటు కజిమోతో గారు మాత్రం ఫుమియె గారూ అంటారు. ఆయనకి రేవు పక్కన చేపముద్దల ఫ్యాక్టరీ ఉంది. ఆ లాభం తెచ్చి ఈ మూడో డివిజన్ క్లబ్బులో పోస్తుంటారు. రెండేళ్ళుగా నష్టమే. ఈ ఏడాదీ అంతే అయితే లీగులో ఆడే లైసెన్సు పోతుంది. క్లబ్బూ పోతుంది, హాస్టలూ పోతుంది.

ఆఫీసులో హీటరు పాడైంది కనుక ఒసాకా నుంచి వచ్చిన పెద్దమనిషిని మా భోజనాల హాల్లోనే కూర్చోబెట్టారు. పేరు నగుమో. మొదటి డివిజన్లోని పెద్ద క్లబ్బుకి ఆటగాళ్ళని ఎంచి కొనేది ఆయనే. ఇప్పుడు కొనడానికి వచ్చింది మా ఇబుకిని. వాడికి ఇరవై రెండేళ్ళు.

ఇబుకి గురించి నాకొక సంగతి తెలుసు. ఆ హాల్లో ఇంకెవరికీ తెలియదు.

మూడు వారాల కిందట, సాయంత్రం సాధన అయ్యాక, కుర్రాళ్ళంతా స్నానాలు చేసి బయటికి వచ్చేశారు. స్నానాల గదిలో దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. తలుపు కొట్టాను. పలుకు లేదు. లోపలికి వెళ్ళి చూస్తే అందరూ వంతులుగా దిగే వేణ్ణీళ్ళ తొట్టిలో వాడి ముఖం ముక్కు దాకా మునిగి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. జుట్టు పట్టుకుని పైకి లాగాను. మణికట్టు పట్టుకుంటే నాడి దొరకలేదు. ఉన్నట్టుండి దొరికింది, తాడు తెంపుకుని పరిగెత్తే దూడలాగా.

"వేడికి తల తిరిగిందమ్మా, అంతే," అన్నాడు లేచాక. "ఎవరికీ చెప్పకు. ఒసాకా వాళ్ళు నన్ను చూస్తున్నారు."

ఒకరోజు నమ్మాను. మర్నాడు వాడు మెట్ల మధ్యలో రెయిలింగు పట్టుకుని, నన్ను చూసి నవ్వబోయి, నవ్వలేక నిలబడిపోవడం చూశాను. వాళ్ళ నాన్న నలభై నిండకుండానే వల లాగుతూ పడవలోనే కూలిపోయాడు. అది గుర్తుచేస్తే, "నాన్నది వేరు. జనవరిలో నాకు గుండె పరీక్ష చేశారుగా, కాగితం శుభ్రంగా ఉంది," అన్నాడు. నన్ను పట్టి పీడించింది ఆ కాగితమే. పెద్ద క్లబ్బు వాళ్ళూ పరీక్ష చేస్తారులే అని మనసుకి సర్దిచెప్పుకోబోతే, జనవరి కాగితం అడ్డం వచ్చేది. అప్పుడు దొరకనిది ఇప్పుడు మాత్రం దొరుకుతుందని ఎవరు చెప్పగలరు?

అప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. చెబితే వాడి బతుకు చెడుతుంది, మా అందరి కూడూ పోతుంది. చెప్పకపోతే ముప్ఫై వేలమంది చూస్తుండగా పచ్చిక మీద...

"నాలుగు కోట్లు మర్యాదైన ధర కజిమోతో గారూ," అంటున్నాడు నగుమో. సన్నటి మనిషి, గొంతు పెంచడు. "ఒప్పందం ఇంకా ఏడాదిన్నరే ఉంది. అది అయిపోతే కుర్రాడు తన దారిన తాను వస్తాడు, మీకు చిల్లిగవ్వ రాదు. చేపల వ్యాపారం చేసే మీకు నేను చెప్పాలా? పొద్దున ధర మధ్యాహ్నానికి ఉండదు."

"చేప కుళ్ళుతుందండీ. వీడు పెరుగుతున్నాడు." కజిమోతో గారు కోటు జేబులోంచి మడతలు చిరిగిన కాగితం తీసి బల్లమీద పరిచారు. వయసుకి ఇన్ని రెట్లు, జీతాన్ని దానితో హెచ్చించు, అదీ ధర అని చెప్పే పాతకాలపు పట్టిక. "ఇదిగో. ఇరవై రెండేళ్ళ వాడికి ఎంతొస్తుందో మీరే వేసి చూడండి."

"ఈ పట్టిక ఎత్తేసి ఎన్నేళ్ళయింది!"

"ఎత్తేసింది మీ పెద్ద క్లబ్బులండీ. మమ్మల్ని అడిగి ఎత్తేశారా?"

నగుమో నవ్వాడు. "బాగుంది. అయితే న్యాయం ఏమిటో మీరే చెప్పండి."

"చెబుతాను. పద్దెనిమిదేళ్ళప్పుడు ఏ క్లబ్బూ వీడి మొహం చూళ్ళేదు. నేను చూశాను. నాలుగేళ్ళు అన్నం పెట్టాం. చీలమండకి ఆపరేషన్ చేయించాం. ఎడంకాలు ఊతకర్రలాగా ఉండేది, ఇవాళ ఆ కాలు చూసే మీరు రైలెక్కి వచ్చారు. ఆ కాలు ఎవరిది? వాళ్ళమ్మ కన్నది ఒకటి, మేం చేసింది ఒకటి. అయిదున్నర ఇవ్వండి. రేపు మీరు యూరప్‌కి అమ్ముకుంటే అందులో పదో వంతు మాది."

"పదో వంతా! అన్నం పెట్టినందుకా?"

"మా ఫుమియె గారి అన్నం తిని చూడండి, అయిదో వంతు ఇస్తారు."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాలి కాబోలు. దవడ కదల్లేదు.

ఇంకాసేపటికి అయిదు కోట్లూ, పదిహేనో వంతూ అన్నచోట మాట ఆగింది. నగుమో కలం మూత తీశాడు. రాయలేదు. నావైపు తిరిగాడు.

ఇది వస్తుందని నాకు తెలుసు. ఈ వ్యాపారంలో అందరికీ తెలుసు. కోచ్ చెప్పింది నగుమో నమ్మడు, డాక్టరు రాసింది సగమే నమ్ముతాడు. సంతకానికి ముందు ఆటగాళ్ళకి అన్నం వడ్డించే మనిషిని ఒక్క ప్రశ్న అడుగుతాడు. అందుకే పొద్దునే కజిమోతో గారు వంటగదిలోకి వచ్చి నాకు పాఠం చెప్పి వెళ్ళారు: "చెప్పులు వరసలో పెడతాడని చెప్పండి. గిన్నెలో మెతుకు మిగల్చడని చెప్పండి. ఆ రెండూ చాలు." రెండూ నిజాలే. ఆ రెండింటినీ నోట్లో పట్టుకుని నిలబడి ఉన్నాను.

"అమ్మా," అన్నాడు నగుమో. "ఇబుకి స్నానానికి ముందు వెళ్తాడా, చివర వెళ్తాడా?"

నేను వరసలో పెట్టుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి.

"ఏం లేదు," అన్నాడాయన, నన్ను తేలికపరచాలని. "పేరొచ్చినవాడు పెద్దా చిన్నా చూడకుండా ముందు దిగుతాడు. ఒద్దిక ఉన్నవాడు ఆగుతాడు. అంతే."

"చివర," అన్నాను.

అక్కడితో ఊరుకోవచ్చు. కజిమోతో గారి మొహం అప్పుడే తేలికపడింది. నగుమో కలం కాగితం మీదికి వంగింది. కెటిల్ బల్లమీద పెట్టేశాను.

"చివర వెళ్ళేవాడు. మూడు వారాల నుంచీ ఒంటరిగా వెళ్ళనివ్వడం లేదు నేను. ఎవరినో ఒకరిని తోడిచ్చి పంపుతున్నాను."

కలం ఆగింది. "ఎందుకని?"

చెప్పాను. తొట్టి, తెరిచిన కళ్ళు, దొరకని నాడి, మెట్లు, వాళ్ళ నాన్న.

కజిమోతో గారు నవ్వబోయారు. "వేణ్ణీళ్ళ తల తిరుగుడండీ! మా ఊళ్ళో ముసలాళ్ళకి వారానికోసారి..." అని, నా మొహం చూసి ఆగిపోయారు. ఆయన మొహంలో రక్తం లేదు. ఆయనకి నిజంగానే తెలియదు.

నగుమో కలానికి మూత పెట్టాడు.

మెట్ల తలుపు దబ్బున తెరుచుకుంది. పైన ఉండమంటే ఉన్నాడా వాడు? మెట్లమీదే కూర్చుని అంతా విన్నాడు.

"అబద్ధం!" అన్నాడు ఇబుకి. "నా ధర పడగొట్టడానికి నువ్వెవరమ్మా? నిన్నెవరడిగారు?"

"ఇబుకీ, కూర్చోరా. ముందు కూర్చో."

"కూర్చోను. నగుమో గారూ, మీరే చూడండి. కళ్ళతో చూసి అప్పుడు ధర చెప్పండి."

గుమ్మంలో బూట్లు తొడుక్కుని, కంచె దాటి సాధన మైదానంలోకి పరిగెత్తాడు. పొద్దున కురిసిన మంచు కరిగి నేలంతా బురదగా ఉంది. ఈ గోలు నుంచి ఆ గోలు దాకా బాణంలా వెళ్ళాడు. తిరిగాడు. మళ్ళీ వచ్చాడు.

ముగ్గురం కిటికీ దగ్గర నిలబడ్డాం. "చూశారా," అన్నారు కజిమోతో గారు, నెమ్మదిగా, ఆశగా. "గుర్రంలా ఉన్నాడు." మూడోసారి తిరిగేటప్పుడు వాడు గోలుకంబం పట్టుకున్నాడు, ఒక్క రవ్వ సేపు.

నేను గుమ్మం దగ్గరికి పరిగెత్తాను. గుండె ఆగితే కరెంటుతో మళ్ళీ కొట్టించే పెట్టె అక్కడ గోడ అల్మారాలో ఉంటుంది. అల్మారా తలుపు తీయగానే బజరు మోగింది. ఆ కూత విని వాడు ఇంకా వేగం పెంచాడు. పెట్టె గుండెలకి హత్తుకుని బురదలో పడుతూ లేస్తూ వెళ్తుంటే, ఎలా వాడాలో నేర్పిన రోజున నేను అన్నం మాడిపోతోందని మధ్యలో లేచి వచ్చేసిన సంగతి గుర్తొచ్చింది.

నన్ను దాటుకుంటూ కజిమోతో గారు వెళ్ళిపోయారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, హాల్లో వేసుకునే చెప్పులతో. ఒకటి బురదలో దిగబడిపోయింది, రెండోది ఎటో పోయింది. మేజోళ్ళతోనే మైదానం మధ్యకి వెళ్ళి, చేతులు చాచి వాడికి అడ్డం నిలబడ్డారు.

"ఆగరా! అమ్మేది లేదు నిన్ను! ఎవడికీ అమ్మను! ఆగు!"

వాడు ఆయన్ని తప్పించబోయాడు. ఆయన నడుము పట్టేశారు. ఇద్దరూ కలిసి పడ్డారు.

నేను చేరేసరికి ఇబుకి లేచి కూర్చుని ఉన్నాడు. పొగలు పొగలుగా ఊపిరి వదులుతున్నాడు. "చూశారా? ఏమైంది? ఏమీ కాలేదు," అని నావైపు చూసి, "సంతోషమా అమ్మా?" అన్నాడు. పెదవులు మాత్రం నేరేడుపండు తిన్నవాడివిలా ఉన్నాయి. నేను పెట్టె ఒళ్ళో పెట్టుకుని వాడి ఎదురుగా బురదలో కూర్చుండిపోయాను. దాని మూత తీయాలంటే భయం, పక్కన పెట్టాలన్నా భయం. ఏమీ కాలేదు. కాలేదు కదా. మరైతే నేను చేసిందేమిటి? ఇరవై ఇద్దరి కూడు పోగొట్టి, కొడుకు లాంటివాడి చేత తిట్టించుకుని...

నగుమో అప్పటికే అంబులెన్సుకి ఫోను చేశాడట. కజిమోతో గారు ఆయన వైపు చూసి బేరం గురించి ఏదో అడగబోయారు. "ఆ సంగతి ఇప్పుడొద్దండి," అన్నాడు నగుమో, తన కోటు విప్పి కుర్రాడి భుజాల మీద కప్పుతూ.

అంబులెన్సు మనిషి వాడి ఛాతీకి తీగలు అంటించాడు. చిన్న యంత్రంలోంచి కాగితం సాగుతూ వచ్చింది. ఒకసారి చూశాడు. తీగలు సరిగ్గా ఉన్నాయో లేదో తడిమి చూసి, మళ్ళీ చూశాడు.

"ఇతన్ని ఎవరు పరిగెత్తించారు?" అన్నాడు.

బదులు కోసం ఆగకుండా కుర్రాడి వైపు వంగాడు.

"తమ్ముడూ, లేవకు. ఒక్క అడుగు కూడా వెయ్యకు. మేం ఎత్తుకుంటాం."

ఇబుకి మొహంలో కోపం అప్పుడు చల్లారింది. దాని కింద నుంచి పైకొచ్చింది చూస్తే, మా హాస్టలుకి వచ్చిన మొదటిరోజు నాటి పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు నాకు కనిపించాడు. స్ట్రెచరు లోపల పెట్టాక నన్నూ ఎక్కమన్నారు. తలుపు మూసేలోపు బయట చూశాను. మేజోళ్ళతో ఉన్న కజిమోతో గారూ, కోటు లేని నగుమో, పక్కపక్కన నిలబడి అంబులెన్సుకి నడుము వంచి నమస్కరిస్తున్నారు. మేం కదిలేదాకా ఇద్దరూ తల ఎత్తలేదు.

"అమ్మా," అన్నాడు ఇబుకి. వాడి చెయ్యి నా ఏప్రాన్ అంచు వెతుక్కుని గుప్పిట్లో బిగించింది. మంచుముక్కలా ఉంది ఆ చెయ్యి. "ఆ కాగితంలో ఏముందో అడుగు. నాకు అడగాలంటే భయంగా ఉంది."

నాకూ అంతే. అయినా అంబులెన్సు మనిషి వైపు తిరిగాను.