హెర్బేరియంలో హాజరు

నంద్యాలలో ఒక కాలేజీ బోటనీ విభాగం తొమ్మిదింటికి తెరుస్తారు. అటెండరు మౌలాలి ముందు ఫ్యాను ఆపుతాడు, కిటికీలు మూస్తాడు, హెర్బేరియం బీరువాలన్నీ బార్లా తీస్తాడు. అట్టల మీద అంటించిన ఎండు మొక్కలు ఆరు వేల పైచిలుకు. రోజుకో బీరువా చొప్పున వాటికి హాజరు వేయాలి.

"మొక్కల రాజ్యం!" అని కేకేస్తాడు. ఆరు వేల అట్టల మీదా ఆకులు ఒక్కసారిగా లేస్తాయి. ఆ గలగలకు పక్క గదిలో లెక్కల మాస్టారు విసుక్కుంటూ పాఠం ఆపుతాడు. "పూల మొక్కల విభాగం!" అనగానే నాచులు, ఫెర్నులు పడుకుంటాయి. "రెండు బద్దల గింజల తరగతి!" అంటే గడ్డి మొక్కలు తలలు దించుతాయి. అలా క్రమం, కుటుంబం, ప్రజాతి అని దిగుతూ జాతి పేరు దాకా వచ్చేసరికి ఒక్క మొక్కే లేచి ఉంటుంది. బయట నేల మీద ఆ జాతిది ఒక్కటైనా పచ్చగా ఉంటేనే జాతి పేరుకు ఇక్కడి ఎండాకు లేస్తుంది.

మౌలాలి ఏడో తరగతి తప్పినవాడు. లాటిన్ పేర్లను సంతలో బేరమాడినట్టు పలుకుతాడు. మొక్కలు ఏనాడూ తప్పు పట్టలేదు. ఆ పట్టింపు లెక్చరర్లకే.

పూర్ణిమది ఆళ్లగడ్డ. రాజశేఖర్ సార్ దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. వాళ్లమ్మ అంకమ్మ పత్తి కూలీ, ఆగస్టులో జ్వరమొచ్చి పోయింది. సెప్టెంబరుకల్లా రేషన్ కార్డులోంచి ఆమె పేరు తీసేశారు. ఆ రోజు పూర్ణిమ మండలాఫీసు మెట్ల మీద కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చింది. ఇక ఈ లోకంలో అమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరనిపించింది.

పత్తికాయలు గీరుకుని వేళ్లు చీలితే అంకమ్మ ఒక ఆకు నూరి పూసుకునేది. అహోబిలం పైన బండల్లో, కట్టెలకు పోయినప్పుడు తెచ్చుకునేది. ఆ ఆకు ఏ పుస్తకంలోనూ లేదు. కొత్త జాతిని కనిపెట్టినవాళ్లు దానికి పేరు పెట్టుకోవచ్చు. అమ్మ పేరు పెడితే మౌలాలి నోట ఎప్పటికీ వినబడుతుందని పూర్ణిమ ఆశపడింది.

అక్టోబరులో వెతుక్కుంటూ వెళ్తే బండ చీలికలో ఆరు మొక్కలు దొరికాయి, నీలం పూలతో. మంచి నమూనా అంటే వేరుతో సహా ఉండాలి. ఇక్కడికి ఒకటి, పెద్ద ఊళ్ల హెర్బేరియాలకు నాలుగు పంపాలి. ఒకదానికి బూజు పడితే? అందుకని ఆరోదీ పీకింది. మరుసటి రోజు అమ్మ మాసికం, ఆళ్లగడ్డ బస్సుకు వేళవుతోంది. పక్క బండ కింద ఇంకా ఉంటాయిలే అనుకుంది గానీ, వంగి చూడలేదు.

మొక్కలు ఎండాయి, అట్టకెక్కాయి. తులసి కుటుంబమని తేలింది, ప్రజాతి కూడా తేలింది. మొదటి హాజరుకు పూర్ణిమ కొత్త చీర కట్టుకుని వచ్చింది. రాజ్యానికి ఆకు లేచింది. విభాగానికి, తరగతికి, క్రమానికి, కుటుంబానికి లేచే ఉంది. ప్రజాతి పేరుకు దాని దగ్గరి బంధువులు మూడింటితో పాటు నిలబడింది.

మౌలాలి గొంతు సవరించుకుని, అమ్మ పేరుకు లాటిన్ తోక తగిలించిన ఆ జాతి పేరు పిలిచాడు. "అంకమ్మే!"

ఆకు వాలిపోయింది.

"ఇంగోసారి పిలువన్నా," అంది పూర్ణిమ.

పిలిచాడు. నాలుగుసార్లు పిలిచాడు.

"లేయలేదు మా," అన్నాడు చివరికి, ఆమె మొహం చూడలేక.

"నేనే పీకినా అన్నా. ఆరూ నేనే, నా చేత్తోనే పీకినా."

రాజశేఖర్ సార్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "పేపరుకేం అడ్డం లేదు పూర్ణిమా. అట్ట మీద ఉంటే చాలు, జాతి ఉన్నట్టే."

ఆయన అన్నట్టే పేపరు అచ్చయింది, డాక్టరేటూ వచ్చింది. హైదరాబాదు నుంచి ఉద్యోగానికి పిలుపొస్తే పూర్ణిమ పోలేదు. అహోబిలంలో అడవి కాపలా పనికి కుదిరింది. డాక్టరేటు పెట్టుకుని వాచరు పనేందని ఆళ్లగడ్డలో ఇరుగుపొరుగు నవ్వారు. ఆమె మాత్రం రోజూ తెల్లారగానే ఒక్కో బండ కిందా వంగి చూస్తూ కొండెక్కుతుంది.

హాజరు వేళకు మౌలాలి ఆమెకు ఫోన్ చేస్తాడు. ఏ బీరువా వంతైనా, ముందు ఆ అట్టనే పిలుస్తాడు. లేచిందని ఒక్కరోజైనా అబద్ధం చెబుదామనుకున్నాడు గానీ, పూర్ణిమ ఆ అవకాశం ఇవ్వదు.

"నువ్వేం చెప్పొద్దన్నా. ఫోను బీరువా దగ్గర పెట్టి పిలువు."

రాజ్యం అనగానే ఫోన్లో హోరున వినబడుతుంది. విభాగానికి కాస్త తగ్గుతుంది, తరగతికి ఇంకాస్త. కుటుంబం దగ్గర గలగల, ప్రజాతి దగ్గర నాలుగాకుల చప్పుడు. తర్వాత మౌలాలి ఆమె తల్లిని పేరు పెట్టి పిలుస్తాడు. పూర్ణిమ బండ మీద కూర్చుని ఊపిరి బిగబట్టి వింటుంది.

ఫోన్లో ఏ ఆకూ కదలదు.

"సరే అన్నా," అంటుంది. "ఈ పక్క అయిపోయినాది. రేపు పై బండలకు పోతా."