కూత పెట్టని రాడార్ డిటెక్టర్

మా నోరీన్ అక్క మొగుడు వెండెల్ క్రచ్‌ఫీల్డ్‌కు అందరికన్నా ముందు చేరాలనే తాపత్రయమే గానీ, చేరి చేయాల్సిన పని ఒక్కటీ ఉండేది కాదు. గ్యారేజీ తలుపులు అమ్మేవాడు. దక్షిణ జార్జియాలో తలుపు కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అయినా బావ బండి ఎక్కితే ఆసుపత్రికి మార్పిడి గుండె పట్టుకెళుతున్నవాడిలా తోలేవాడు.

మా ఊరి నుంచి సరస్సుకు వెళ్లే దారిలో డోరిన్స్ ఫోర్క్ అని ఒక ఊరుంది. పెకాన్ తోటల మలుపు తిరగ్గానే వేగపరిమితి యాభై అయిదు మైళ్ల నుంచి ముప్పై అయిదుకు పడిపోతుంది. ఆ సంగతి చెప్పే బోర్డు సగం కొమ్మల చాటున ఉంటుంది. నూలు మిల్లు మూతపడ్డాక ఆ ఊళ్లో మిగిలిన పరిశ్రమ చలానా ఒక్కటే. ఆ ఊరి పోలీసులను నేనేం వెనకేసుకు రావడం లేదు. కానీ కంటి ఆపరేషన్ చేయించుకున్న ముసలమ్మలు సైతం ఆ మలుపు దగ్గర బ్రేకు మీద కాలేస్తారు. బావ మాత్రం రెండుసార్లు దొరికాడు. దొరికినవాడు బ్రేకు తొక్కడం నేర్చుకోవాలి కదా! ఈయన, వేగం కొలిచే పోలీసు రాడార్‌ను ముందే పసిగట్టి కూత పెట్టే డిటెక్టర్ కొంటానన్నాడు.

తోడు రమ్మంటే నేనూ వెళ్లాను. కార్లకు స్టీరియోలు బిగించే దుకాణం అది. నడిపే ఆవిడ పేరు ఆర్లెట్. బల్ల మీద రెండు డిటెక్టర్లు పెట్టింది.

"ఈ చవకది సూపర్ మార్కెట్ తలుపు తెరుచుకున్నా అరుస్తుంది. పక్క లేన్లో కొత్త కారొచ్చినా అరుస్తుంది, వాటిల్లోనూ చిన్న రాడార్లుంటాయి. వారం తిరక్కుండా మీరే దాని నోరు నొక్కేస్తారు. ఈ రెండోది నయం. ఉత్త అరుపులు తక్కువ, పోలీసు ముందున్నాడో వెనకున్నాడో బాణం గుర్తు చూపిస్తుంది."

"అయితే ఇంక నన్నెవడూ పట్టుకోలేడన్నమాట!" అన్నాడు బావ.

"అలా అని నేనన్లేదండీ. వాళ్లు రాడార్ వేసే ఉంచితే దూరం నుంచే పసిగడుతుంది. ఆపేసి కూర్చుని, మీరు దగ్గరికొచ్చాక మీట నొక్కితే? అప్పుడు కూత, చలానా రెండూ కలిసే వస్తాయి. లేజర్‌తో వేగం కొలిస్తే అది మరీ సన్నటి వెలుగు. మీ నంబరు ప్లేటు మీద పడ్డాక గానీ దీనికి తెలీదు."

"అమ్ముతున్నావా తల్లీ, బెదిరిస్తున్నావా?"

"అమ్ముతున్నానండీ. రేపొచ్చి నా మీద అరవకుండా ముందే చెబుతున్నా."

ఆవిడ చెప్పిందాంట్లో బావ చెవికెక్కింది బాణం ఒక్కటే. అది కొని కారు ముందు అద్దానికి అంటించాడు. ఆనాటి నుంచి మా ఇంటిల్లిపాదికీ చెవులు మిగల్లేదు. బార్బెక్యూ పొయ్యి దగ్గరా అదే గోల, చర్చి మెట్ల మీదా అదే గోల. పోలీసులు ఏ తరంగాల బ్యాండు మీద రాడార్ వాడతారో పాస్టరుకు కూడా పాఠం చెప్పాడు.

"మన పెళ్లి ఏ నెలలో అయిందో అడిగితే దిక్కులు చూస్తావు. ఇవన్నీ ఎట్లా గుర్తుంటాయయ్యా నీకు?" అంది అక్క.

"అది తెలిస్తే లాభం ఏముందే? ఇది తెలిస్తే లాభం," అన్నాడు ఆ మహానుభావుడు.

ఒక శనివారం ముగ్గురం సరస్సుకు బయలుదేరాం. అక్క వేయించిన చికెన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని నేను వెనక కూర్చున్నాను. బావ ఎనభై దగ్గర తోలుతున్నాడు. కాసేపటికి మా వెనక ఒక బూడిద రంగు పికప్ కనబడింది. దగ్గరికీ రాదు, వెనకబడదు. మాతో పాటే, మా వేగంతోనే వస్తోంది.

"బావా, ఆ బండి మనల్ని వదలడం లేదు చూడు," అన్నాను.

బావ అద్దంలోకి చూసి మురిసిపోయాడు. "తెలివైనవాడ్రా! మన అద్దం మీద మిషన్ చూసి ఉంటాడు. దీని నీడన వస్తే దొరకనని వాడికి తెలుసు. రానీ పాపం."

"కొంచెం నెమ్మదిగా పోనివ్వు వెండెల్," అంది అక్క.

"ఎందుకే? అది కూసిందా? కూయలేదుగా!"

నిజమే, కూయలేదు. డోరిన్స్ ఫోర్క్ పొలిమేర చేరేసరికి పికప్ ముందు భాగంలో పోలీసుల నీలం దీపాలు వెలిగాయి. అప్పుడూ కూయలేదు. దిగి వచ్చిన ఆఫీసరు మాబ్రీ అనే పొడుగాటి మనిషి. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటూ లైసెన్సు అడిగాడు. వాణ్ణి చూసీ నాకు ఒళ్లు మండింది. మైళ్ల కొద్దీ వెనకే వచ్చి, తన ఊరి హద్దు చేరాక గానీ దీపం వెలిగించలేదు. దోపిడీ కూడా ఊరి లెక్కకే పడాలి కాబోలు.

బావ ఒప్పుకునే రకమా? కోర్టుకు వెళ్లాడు. రాడార్‌ను ఎప్పుడు పరీక్షించారు, ఏ కోణంలో పట్టుకున్నారు, మధ్యలో లారీ అడ్డొస్తే తప్పు అంకె చూపించదా అంటూ టై బిగించుకుని దంచాడు. జడ్జి ముసలావిడ. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఓపిగ్గా అంతా విని, మాబ్రీ వైపు తిరిగింది.

"ఏ రాడార్ వాడావు?"

"వాడలేదమ్మా. ఆయన వెనకే సమానంగా తోలి నా స్పీడోమీటర్ చూసుకున్నాను. మీటరు పరీక్షించిన పత్రం ఇదిగో."

కోర్టులో ఎవరో కిసుక్కుమన్నారు. బావ బిగించుకున్న టై వదులు చేసుకున్నాడు. జరిమానాతో పాటు డ్రైవింగ్ పాఠాల క్లాసుకు వెళ్లమని జడ్జి తీర్పు చెప్పింది.

ఆ క్లాసులో ఈయన మిగతావాళ్లకు డిటెక్టర్ల గురించి బోధిస్తుంటే, టీచరు బయటికి పొమ్మన్నాడు. మళ్లీ మొదటి నుంచి కూర్చోవాల్సి వచ్చింది. అక్క ఏడవలేదు, తిట్టలేదు. సొంతానికి ఒక పాత సెడాన్ కొనుక్కుంది. ఇప్పుడు ఎక్కడికైనా ఇద్దరూ రెండు కార్లలో వెళతారు. నన్నడిగితే, అన్నేళ్ల కాపురంలో అక్క చేసిన తెలివైన పని అదే.

నిన్న బావ ఫోన్ చేశాడు. "ఒరేయ్, వెనక పోలీసు బండ్లను పసిగట్టే కెమెరా వచ్చిందట. చూసొద్దాం వస్తావా?"

రానని పెట్టేశాను.