రెండువందల నలభై ఎక్కడిది?

చిన్నకోడలికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నాలుగేళ్ళ కూతురు కాస్త పెద్దయ్యాక "మా అమ్మకేం తెలీదు" అనేసి, వాళ్ళ పెద్దమ్మ కొంగు పట్టుకుని వెళ్ళిపోతుందని. జ్వరమొస్తుందనీ, మెట్ల మీంచి పడుతుందనీ కూడా రోజూ భయపడేది గానీ వాటికి మందుంది. దీనికి లేదు.

పెద్దకోడలు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. చిన్నకోడలు పదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే, ఆమె పుస్తకాలు అటకెక్కాయి. మళ్ళీ దిగలేదు.

కాలేజీలో సెలైన్ పెట్టడం నేర్చుకునే బొమ్మ ఒక్కటే ఉంది, చుట్టూ మూగేవాళ్ళు అరవైమంది. వెనక వరసకి ముందు వరస జడలు తప్ప ఏమీ కనపడవు. అందుకని పెద్దకోడలు ఇంట్లోనే మూడేసి నిమిషాల వీడియోలు తీయడం మొదలుపెట్టింది. విడిగా కెమెరా లేదు. భోజనాల బల్ల మీదికి స్టూలు ఎక్కించి, దాని కాళ్ళ మధ్య అడ్డకర్రల మీద ఫోను పడుకోబెడితే, కింద కాగితమూ ఆమె చేతులూ కనపడతాయి. కర్టెన్ కడ్డీకి రంగునీళ్ళు పోసిన సెలైన్ సీసా వేలాడుతుంది. వీధిలో హారన్లు వినపడకుండా కిటికీకి దుప్పట్లు. ఫ్యాను బంద్, కుక్కర్ బంద్.

"సెలైన్ మాటేమో గానీ, ఈ ఉక్కకి ముందు మనకే పెట్టాల్సొస్తుంది," అని అత్తగారు వరండాలోకి వెళ్ళిపోయేది.

లైటు పట్టుకోవడం చిన్నకోడలి పని. ఇంకో పని కూడా ఉంది.

"నా మొదటి స్టూడెంటువి నువ్వే చెల్లీ. ఎక్కడ దారి తప్పితే అక్కడ 'ఆగు' అను. నాకు తెలిసిన విషయం కదా, ఎక్కడ గంతేశానో నాకు కనపడదు. నీకు కనపడుతుంది," అంది పెద్దకోడలు మొదటి రోజునే.

చిన్నకోడలి చెవిలో మాత్రం "నీకేం తెలీదు గనక" అన్నట్టే పడింది.

అసలు కడుపుమంట పిల్ల దగ్గర వచ్చింది. ఇంట్లో అందరూ దాన్ని పిచిక అంటారు. తల్లి నాలుగు ముద్దలు పెట్టాలంటే ఇల్లంతా పరుగులు పెట్టించే పిచిక, పెద్దమ్మ వీడియో తీస్తుంటే మాత్రం బల్లకి గడ్డం ఆనించి రాయిలా కూర్చునేది. ఆ తరవాత గ్లాసు బోర్లించి, దాని మీద అగ్గిపెట్టె పెట్టి, "ఇప్పుడు చుక్కలు లెక్కపెడదామా?" అని తన ఆటబొమ్మకి పాఠం చెప్పేది. గొంతు కూడా పెద్దమ్మదే.

"పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. దీనికి పొరుగిల్లు దాకా ఎందుకు, పక్కగది చాలు!" అని అత్తగారు నవ్వేది. చిన్నకోడలికి నవ్వు వచ్చేది కాదు. ఫోన్లో తోడికోడలి వేళ్ళు చూసేది, శుభ్రంగా కత్తిరించిన గోళ్ళు. గిన్నెలు తోమి పగిలిన తన వేళ్ళని కొంగులో దాచుకునేది.

ఆ రోజు చుక్కల లెక్క. "ఐదువందల ఎంఎల్ సెలైను నాలుగు గంటల్లో ఎక్కాలి. ఈ గొట్టంలోంచి ఒక్కో ఎంఎల్‌కి ఇరవై చుక్కలు పడతాయి. ఐదువందల్ని ఇరవైతో గుణించి, రెండువందల నలభైతో భాగిస్తే, నిమిషానికి నలభై రెండు చుక్కలు," అంది పెద్దకోడలు.

ఐదువందలు సరే. ఇరవై సరే. రెండువందల నలభై ఎక్కణ్ణుంచి ఊడిపడింది? 'ఆగు' నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే పిచిక చెవిలో గుసగుసలాడింది. "పెద్దమ్మకి అన్నీ వచ్చు కదమ్మా!"

మాట వెనక్కి పోయింది. పోతే పోనీ, ఒక్కసారన్నా ఈవిడ పాఠం ఎవరికీ అర్థం కాకపోతే నా సొమ్మేం పోయింది, అనుకుంది.

"అర్థమైందా చెల్లీ?"

"ఆఁ, బ్రహ్మాండంగా అర్థమైందక్కా!"

ఆ సాయంత్రమే అరవై ఫోన్లకి వీడియో వెళ్ళిపోయింది.

పది రోజుల తరవాత పెద్దకోడలు కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. "పరీక్ష పెట్టాను. ఒకమ్మాయి ఈమధ్యే చదువు మానేసింది. మిగతా యాభై తొమ్మిదిమందిలో ముప్పై ఒక్కమంది తప్పు చేశారు, అందరిదీ ఒకే తప్పు. అదే సెలైను ఎనిమిది గంటల్లో ఎక్కించమంటే, మళ్ళీ రెండువందల నలభైతోనే భాగించారు. ప్రతి లెక్కకీ అదే అంకె అనుకున్నారట. వీడియోలో మీరే చెప్పారు కదా మేడమ్ అంటున్నారు. ఇరవై ఒక్క చుక్కలు పడాల్సిన చోట నలభై రెండు! బొమ్మ గనక సరిపోయింది. అదే మనిషికైతే, పసిపిల్లలకైతే... ఈ ఫోను పాఠాలు ఇక కట్టిపెట్టమన్నాడు ప్రిన్సిపాల్."

చిన్నకోడలు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

"నువ్వు అర్థమైందన్నావని నేను మళ్ళీ చూసుకోలేదు. నీ తప్పేం లేదులే," అంది పెద్దకోడలు.

"మా అమ్మ ఎప్పుడూ ఆగు అనదు పెద్దమ్మా," అంది పిచిక గర్వంగా. "మా అమ్మకి అన్నీ తెలుసు!"

ఆ ఒక్క మాట కోసం ఎన్నాళ్ళనుంచి మొహం వాచి ఉందో! నోరు మూసుకుంటే చాలు, అది తనదే. కానీ 'పసిపిల్లలకైతే' అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. పోయినేడాది జ్వరమొచ్చినప్పుడు ఈ పిచిక చేతికే సూది గుచ్చి సెలైన్ పెట్టారు. ఎవరో నర్సమ్మ వచ్చి గొట్టం మీది చక్రం తిప్పి చుక్కలు సర్ది వెళ్ళింది. ఆమె లెక్క తప్పి ఉంటే?

"ఆగక్కా," అంది చిన్నకోడలు.

"ఏంటి?"

"ఆ రోజు అనాల్సింది ఇప్పుడంటున్నా. ఆ రెండువందల నలభై ఎక్కడిది? నాకు అప్పుడే తెలీలేదు."

"మరి బ్రహ్మాండంగా అన్నావే!"

"కుళ్ళు అక్కా. పిల్ల నీ వెనకాలే తిరుగుతుంటే ఒళ్ళు మండింది. నీ పాఠం తప్పిపోతే బాగుండుననిపించింది."

పెద్దకోడలు లేచి చెప్పులు విప్పింది. "నాలుగు గంటలు. గంటకి అరవై నిమిషాలు," అని మాత్రం అని లోపలికి పోయింది.

ఓస్, ఇంతేనా! నాలుగు అరవైలు. ఎనిమిది గంటలైతే ఎనిమిది అరవైలు, నాలుగువందల ఎనభై. నుదురు కొట్టుకుంది చిన్నకోడలు.

రెండు రోజులు వాళ్ళ మధ్య మాటల్లేవు. అత్తగారే అటు కూరా ఇటు కబురూ మోసింది. మూడోరోజు స్టూలు మళ్ళీ బల్లెక్కింది. ప్రిన్సిపాల్‌ని ఒప్పించి తీసిన కొత్త వీడియోలో సగంలో వేరే గొంతు వినపడుతుంది. "ఆగక్కా! ఆ రెండువందల నలభై ఎక్కడిది?"

పిచిక దాన్ని పక్కింటివాళ్ళందరికీ చూపించింది. "ఇది మా అమ్మ. మా అమ్మకి తెలీదు. అందుకే అడిగింది!"

ఇన్నాళ్ళూ భయపడ్డ మాట ఇదే. వింటే ఇంకా చురుక్కుమంది. పిల్ల పెద్దమ్మ ఒళ్ళోకెక్కితే ఇప్పటికీ మంటే. కానీ ఇప్పుడు 'ఆగు' అనాల్సిన చోట అంటోంది.

కొత్త వీడియో యాభై తొమ్మిది ఫోన్లకే చేరింది. అరవయ్యోది చదువు మానేసిన ఆ అమ్మాయిది. నంబరు పనిచెయ్యడం లేదు. ఏదో చిన్న ఆసుపత్రిలో పనికి కుదిరిందని విన్నారు. పాత వీడియో ఆమె దగ్గరే ఉంది. చదువు మధ్యలో ఆగినవాళ్ళు తెలియకపోయినా తెలిసినట్టే తలూపుతారు, అది చిన్నకోడలికి తెలిసినంతగా ఎవరికీ తెలీదు.

కాబట్టి మీవాళ్ళెవరికైనా సెలైన్ ఎక్కుతుంటే, చక్రం తిప్పే అమ్మాయిని, "ఎనిమిది గంటలకి ఎంతతో భాగించావమ్మా?" అని మెల్లగా అడగండి. రెండువందల నలభై అంటే, ఆ పిల్లే కావచ్చు. కసరకండి. ముందు పెద్ద నర్సుని పిలిచి చుక్కలు సరిచూడమనండి. తరవాత, ఆమె ఎలా ఉందో, ఏమన్నా తిందో కూడా ఒకసారి కనుక్కోండి.