గిరిబాబు ఇంట్లో పదకొండు జాడీలు

గిరిబాబు ఇంట్లో రోజూ సాయంత్రం ఏడింటికి గిన్నెలు పడుతున్నాయని పార్వతీదేవి అన్నదట. పెరటి గోడ మీదుగా భారతితో అన్నది. భారతి ఆ మాటను కొంగున కట్టుకుని నాలుగిళ్ళు దాటి వచ్చి, మూతికి పైట అడ్డం పెట్టుకుని, లక్ష్మీనరసమ్మ అరుగు ముందు నిలబడి విప్పింది.

"పడితే పడనీవే. కొత్త గిన్నెలేటి?" అంది లక్ష్మీనరసమ్మ ఆవాలు చెరుగుతూ.

"అదికాదప్పా. రోజూ ఒకే టయానికి పడతన్నాయంట. పడీపడగానే గిరిబాబు టీవీ సౌండు పెంచుతాడంట. పార్వతి సెప్పింది. నాను సెప్పినానని అనకేం."

చేట ఆగింది.

"గిన్నెలకి టయాం తెలీదే," అంది లక్ష్మీనరసమ్మ. "మనిసికి తెలుస్తాది."

అది కరోనా వచ్చిన మొదటి వేసవి. మా ఊరు రాజాంకి ఆరు కిలోమీటర్లు. ఊరి మొదట్లో రోడ్డుకు అడ్డంగా వెదురు కట్టారు. బస్సుల్లేవు. కొట్లు పొద్దున్న తొమ్మిదింటికల్లా మూసేస్తున్నారు. కొట్టు ముందు వరసలో నిలబడేందుకు సున్నంతో గుండ్రాలు గీసిన వాలంటీరు, ఊపు మీద ఉండి మా వీధి పొడుగునా గీసేశాడు.

గిరిబాబు రాజాంలో ఒక బట్టల షాపులో సేల్స్‌మేన్. ఒక్క చీర కొనడానికి వచ్చిన ఆవిడ ముందు నూట పది చీరలు విప్పి, ఆవిడ ఏదీ నచ్చలేదని లేచిపోతే "మళ్ళీ రండమ్మా" అని నవ్వగలిగినవాడు. షాపు షట్టర్ దింపినప్పుడు ఆ ఓర్పును కూడా లోపలే పెట్టి తాళం వేసినట్టుంది. అంతకుముందు ఎప్పుడో ఒకసారి పెళ్ళాం మీద చేయి చేసుకోవడం, నెల తిరక్కుండా రోజువారీ అయింది. అతని భార్య రేఖ కన్నవారిది నరసన్నపేట దగ్గర పల్లె. మామూలు రోజుల్లో రెండు బస్సుల దూరం. ఇప్పుడు చంద్రమండలం. ఆమె ఫోను మొదటివారంలోనే గోడకు తగిలి పోయింది. అదీ గిన్నెలాగే చేయి జారిందన్నాడు.

వీధికంతా వినబడుతూనే ఉంది. ఎదురింటి పైడిరాజుకి మరీ బాగా వినబడేది. గిరిబాబుకు వరసకు మేనమామ, వీధిలో పెద్ద రైతు, మాట చెల్లే మనిషి. ఏడింటికి అరుగు మీద కూర్చుని, శబ్దం రాగానే చుట్ట ఆ చెంప నుంచి ఈ చెంపకు మార్చి, "మొగుడూ పెళ్ళాల మజ్జిన మనమేటి," అనేవాడు. అడిగినవాళ్ళెవరూ లేకపోయినా అనేవాడు.

లక్ష్మీనరసమ్మ సంగతి చెప్పాలి. అరవయ్యైదేళ్ళ మనిషి, భర్త పోయి పదేళ్ళు. మరే విషయంలోనైనా ఆమెతో వాదించవచ్చు, ఆవకాయ విషయంలో కుదరదు. ఒక ఏడు పైడిరాజు తెచ్చిన ఆవాలు వాసన చూసి "ఇవి నీకన్నా ముసిలివిరా" అంటే, ఆయన మారుమాట లేకుండా మళ్ళీ రాజాం వెళ్ళాడు. మా వీధి పదకొండిళ్ళ ఆవకాయా ఆమె చేతి కొలతే.

మర్నాడు పొద్దున్నే ఆమె వీధి నడుమ సున్నం గుండ్రంలో నిలబడి చాటింపు వేసినట్టు చెప్పింది.

"ఈయేడు జాడీలన్నీ గిరిబాబింట్లో ఎడదాం. ఆడి కొట్టుగదంత పొడిగది మన ఈదిలో నేదు. స్లేబిల్లు, సెమ్మ ఉండదు. మీ పెంకుటిళ్ళలో వానొస్తే జాడీలోకి సినుకు పడతాది. నీటిసుక్క పడిందా, ఏడాది తిండి పెంటపాలే."

గిరిబాబు గుమ్మంలోకి వచ్చాడు. తన ఇంటిని వీధి వీధంతా మెచ్చుకుంటుంటే మొహం వెలిగింది.

"దానికేటి పెద్దమ్మా, ఎట్టుకోండి. మన ఇల్లే కదా."

"ఒక్క నేమం ఉందిరా. ఊట దిగినన్నాళ్ళూ ఆ ఇంట గొంతు లెగకూడదు. అరుపు ఇన్న ఆవకాయ బూజెక్కుతాది."

ఈ నియమం అప్పటిదాకా మా వీధిలో ఎవరూ వినలేదు. అయినా తలలన్నీ ఊగాయి. పైడిరాజు అందరికన్నా గట్టిగా ఊపాడు. ఆయన జాడీ అన్నిటికన్నా పెద్దది.

ఆదివారం గిరిబాబు పెరట్లో కాయలు కొట్టారు. పీచున్న నాటు కాయలు, కత్తి దిగితే టెంక పలికేవి. మగవాళ్ళు ముక్కలు కొట్టి వెళ్ళాక, కారప్పొడి, ఆవపిండి, ఉప్పు బేసిన్‌లో పోసి లక్ష్మీనరసమ్మా రేఖా ఎదురెదురుగా కూర్చున్నారు. గిరిబాబు ముందు గదిలో టీవీ చూస్తున్నాడు.

రేఖ మోచేతి మీద మచ్చ ఉంది. పసుపు పచ్చగా మారుతున్న పాత మచ్చ. లక్ష్మీనరసమ్మ దాన్ని చూసింది. రేఖ జాకెట్టు చేతిని కిందికి లాక్కుంది.

"గిన్నె జారిందత్తా."

"గిన్నెకి సేతులుండవే." లక్ష్మీనరసమ్మ తలెత్తకుండా ముక్కలు కలుపుతూనే ఉంది. "నన్ను సూడకు. బేసిన్ సూస్తా ఇను. ఆడు మీదికొస్తే వంటింట్లోకి పోకు, అక్కడ కత్తిపీటుంటాది. ఈది తలుపు దిక్కే ఉండు. నీ ఆదారు కార్డూ, బేంకు బుక్కూ, రెండు కోకలూ ఓ సంచీలో సర్ది, కొట్టుగదిలో నా జాడీ ఎనకెట్టు. భారతి వొస్తా ఉంటాది, దాని ఫోన్ల మీ అమ్మతోటి మాటాడు. నూటెనభై ఒకటని ఆడోళ్ళ నెంబరుంది, అదీ ఆ ఫోన్లో ఎక్కించినాం."

రేఖ చేయి బేసిన్‌లో ఆగిపోయింది. "అరవాలంటే నాకు గొంతు రాదత్తా. ఆ టయానికి పెగలదు."

"గొంతెందుకే? ఎవుల జాడీ అయినా ఒకటి అట్టుకెళ్ళి ఈదరుగు మీదెట్టు. అంతే. ఊట దిగతన్న జాడీని ఈదిలో ఎడతారేటి ఎవులైనా? ఊరు మొత్తం పరిగెట్టుకొస్తాది."

రేఖ నవ్విందో ఏడ్చిందో, కారం ఘాటుకు ముక్కు ఎగబీల్చిందో తెలియదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ సాయంత్రానికి గిరిబాబు కొట్టుగదిలో పదకొండు జాడీలు బారు తీరాయి. ఒక్కోదాని మూతికి ఒక్కో రంగు గుడ్డ వాసెన. ఆ మర్నాటి నుంచి మా వీధి ఆడవాళ్ళకు ఆవకాయ మీద ఎన్నడూ లేనంత బెంగ పట్టుకుంది.

పొద్దున్న పాలవేళకు భారతి. "మా జాడీ గుడ్డ వదులైందేమోనని కల వచ్చిందయ్యా." పది గంటలకు పార్వతీదేవి. మధ్యాహ్నం ఇంకొకరు. ఏడింటికి మాత్రం లక్ష్మీనరసమ్మే. ఉత్త పీట ఒకటి చంకన పెట్టుకుని వచ్చి, గిరిబాబు వీధరుగు మీద వేసుకుని, తొమ్మిదింటిదాకా కూర్చునేది.

గిరిబాబు రోజుకు ఎనిమిదిసార్లు తలుపు తీశాడు. ఆడమనిషి గుమ్మంలో కనబడగానే అలవాటు చొప్పున "రండమ్మా, రండి" అని నవ్వు వచ్చేసేది. రెండోరోజుకే ఆ నవ్వు మీద విసుగు వచ్చింది గానీ, ఆపడం చేతకాలేదు.

"పెళ్ళిళ్ళ సీజన్లో కూడా షాపుకి ఇంతమంది రానేదు పెద్దమ్మా," అన్నాడు నాలుగోరోజు.

"అదేరా మరి. నీ ఇంటికి గిరాకీ పెరిగింది."

"మూడోనాడు తిరగకలిపేసినాం కదా. ఇంకెన్నాళ్ళు?"

"ఈయేడు కాయ గట్టిది నాయినా. నూనె పైకి తేలనేదు ఇంకా."

నూనె తేలలేదు, గిన్నెలు పడలేదు. పార్వతీదేవి పెరటి గోడ దగ్గర చెవి పెట్టి పెట్టి విసిగిపోయి, ఏడింటికి సీరియల్ చూడటం మొదలుపెట్టింది. పాత ఎపిసోడ్లే వేస్తున్నా చూసింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం మూడింటికి ఈశాన్యం నల్లబడింది. గాలి లేచింది. పెరళ్ళలో ఎండబెట్టిన వడియాలు, ఎండావకాయ ముక్కలు తీసుకోవడానికి ఆడవాళ్ళంతా పరిగెత్తారు. ఆ గంటలో గిరిబాబు ఇంటికి ఎవరూ రాలేదు.

సరిగ్గా ఆ గంటలోనే, అత్తగారు ఫోను చేసి నోరు జారడంతో, రేఖ ఇన్నాళ్ళూ భారతి ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతోందని గిరిబాబుకు తెలిసింది.

"నా ఇంట్లో ఉంటా, నాకు తెలీకండా ఎవులికి సెప్తన్నావే?"

చేతికందిన చెంబు గోడకు తగిలి సొట్టపోయింది. తర్వాతి దెబ్బ రేఖ భుజం మీద పడింది. దాని తర్వాతిది ఎక్కడ పడుతుందో ఆమెకు నాలుగేళ్ళుగా తెలుసు. కాళ్ళు అలవాటుగా వంటింటి వైపు తిరిగాయి. తిప్పుకుంది. కొట్టుగదిలోకి వెళ్ళి అన్నిటికన్నా పెద్ద జాడీని, ఎర్ర వాసెన కట్టినదాన్ని, రెండు చేతులా పొదివిపట్టి ఎత్తింది.

గిరిబాబు చేయి లేచే ఉంది. జాడీ అతనికీ ఆమెకూ మధ్య ఉంది. అది పైడిరాజు మావది. నిండా ఏడాది ఆవకాయ. ఆ చేయి గాలిలో ఒక్క క్షణం తటపటాయించింది.

ఆ క్షణం చాలింది. రేఖ గడప దాటి, జాడీని వీధరుగు చివర, ఆకాశం కింద పెట్టింది. తొలి చినుకు అరుగు మీద రూపాయంత మచ్చ వేసింది.

"ఓలమ్మో! నా జాడీ!"

పైడిరాజు చుట్ట ఎక్కడ పడిందో ఆయనకే తెలియదు. పంచె ఎగ్గట్టి వీధి అడ్డం పడి వచ్చి, చొక్కా విప్పి జాడీ మీద కప్పి, దాన్ని కౌగిలించుకుని కూర్చున్నాడు. పెరళ్ళలో నుంచి కేకలు. గొడుగులు, గోనెపట్టాలు, చాటలు. రెండు నిమిషాల్లో పదకొండిళ్ళూ గిరిబాబు గుమ్మం ముందున్నాయి. ఒకరిమీద ఒకరు పడుతూ, సున్నం గుండ్రాలు గుర్తొచ్చి మళ్ళీ వాటిలోకి గెంతుతూ.

లక్ష్మీనరసమ్మ చివర వచ్చింది. జాడీ వైపు చూడలేదు. రేఖ భుజం చూసింది, తర్వాత గిరిబాబును చూసింది.

"ఇది మా ఇంటి విసయం పెద్దమ్మా," అన్నాడు గిరిబాబు. గొంతులో షాపు మెత్తదనం వెతుక్కుంటున్నాడు గానీ దొరకలేదు.

"మా అందరి ఏడాది కూడూ నీ ఇంట్లో ఉన్నాది. ఇంక నీ ఇంటి విసయం ఏటిరా? పక్కకి తప్పుకో."

తప్పుకున్నాడు. రేఖ లోపలికి వెళ్ళి లక్ష్మీనరసమ్మ జాడీ వెనక నుంచి సంచీ తీసుకుని, మెట్లు దిగి, వానలో నడిచి ఆమె ఇంటికి వెళ్ళింది. ఆమె వెనక వీధి వీధంతా తమ తమ జాడీలు నెత్తిన పెట్టుకుని, పట్టాలు కప్పుకుని నడిచింది. అమ్మవారి ఘటాల ఊరేగింపు ఆ ఏడు లేదు గానీ, ఉంటే అలాగే ఉండేది. అన్నీ లక్ష్మీనరసమ్మ గదిలోనే సర్దారు. చుక్క నీరు కారని, చెమ్మ ఎరగని గది. ఆ సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

భారతి అప్పటికే నూటెనభై ఒకటికి ఫోను చేసింది. సాయంత్రానికి సచివాలయం మహిళా పోలీసు రాణి స్కూటీ మీద వచ్చి, రేఖ చెప్పింది చెప్పినట్టు రాసుకుని, చదివి వినిపించి, సంతకం పెట్టించుకుంది. తర్వాత గిరిబాబు గుమ్మం ముందు ఆగి, ఇంకోసారి వస్తే స్కూటీ కాదు జీపు వస్తుందని చెప్పి వెళ్ళింది.

పది రోజులు గడిచాయి. నూనె తేలింది. కొత్తావకాయ పంచే రోజు లక్ష్మీనరసమ్మ అరుగు మీద గుండిగెడు అన్నం వండి పెట్టారు. జాడీ విప్పినవాళ్ళు విప్పినట్టు ముద్ద కలిపి పక్క గుండ్రంలోకి చేయి చాపుతున్నారు. రేఖ వడ్డిస్తోంది. ఆమె నరసన్నపేట వెళ్ళడానికి పాసు కోసం రాణి రాయించింది, రేపోమాపో వస్తుంది. రేఖ రెండు వడ్డనల మధ్య ఏదో మాటకు పగలబడి నవ్వింది. నాలుగేళ్ళలో ఆ నవ్వు మా వీధి వినడం అదే మొదలు. "దీని నవ్వు ఇంత పెద్దదేటి!" అని భారతి ఆశ్చర్యపోయింది.

అప్పుడు వచ్చాడు గిరిబాబు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అరుగు కింద గుండ్రంలో నిలబడ్డాడు.

"ఇల్లు బోసిగా ఉన్నాది రేఖా. తప్పయిపోనాది. అందరి ముందరా అంతన్నాను, రా."

గొంతు పట్టులాగుంది. నూట పది చీరలు విప్పిన గొంతు. పార్వతీదేవి ముక్కు చీదింది. ఒకరిద్దరు "పాపం" అన్నారు.

పైడిరాజు ముద్ద మింగి, గొంతు సవరించుకున్నాడు. మీసానికి ఎర్రగా నూనె అంటింది.

"ఆడు మారినానంతన్నాడు కదే అమ్మా. మొగుడన్నాక ఓ దెబ్బేస్తాడు, ఓ మాటంటాడు. మనమే సర్దుకోవాల. పాసెందుకు, గీసెందుకు? బేగి ఎల్లు, పెద్దోణ్ణి సెప్తన్నాను."

రేఖ గరిటె పైడిరాజు జాడీలోనే ఉంది. ఒక ముక్క తీసి ఆయన విస్తట్లో వేసింది.

"నీ జాడీ మీద ఒక్క సినుకు పడితే సొక్కా ఇప్పుకుని పరిగెట్టుకొచ్చినావు మావా. నెల్లాళ్ళు నా మీద దెబ్బలు పడితే అరుగు దిగనేదేటి?"