బ్రేకుల్లేని ట్రైలర్

వాలాన్ ఊరు దాటి దిగుడులోకి రాగానే వెనక ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. గాలేమో అనుకుంది ఉదయశ్రీ. ఈ దేశంలో జనవరి అంటే నడివేసవి; ఆ ఎండకి తోడు ఉత్తరపు వడగాలి హ్యూమ్ హైవే మీద ఎండుగడ్డిని అడ్డంగా ఈడ్చుకుపోతోంది. ఇంతలో పక్క లేన్‌లో ఓ పెద్ద లారీ దూసుకుపోయింది. ఆ విసురుకి ట్రైలర్ కుడికీ ఎడమకీ ఊగి, దాన్ని లాగుతున్న యూట్‌నే, వెనక ట్రే ఉన్న ఆ చిన్న ట్రక్కునే, పట్టి కుదిపేసింది. స్టీరింగ్ చేతిలో ఉన్నా బండి ఆమె మాట వినడం లేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, ట్రైలర్ బ్రేకు మీట నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. అయినా ఏమీ కాలేదు.

ఎలాగో వేగం తగ్గి, బండి రోడ్డు పక్క పార్కింగ్‌లోకి చేరింది. దిగి కంకరలో కూలబడింది. లేచి ట్రైలర్ కిందికి వంగి చూసింది. బ్రేకు వైరు వేలాడుతోంది. తెగిపోయింది కాదు. ఎవరో కోసి, కొసకి నల్లటేపు చుట్టారు.

ఆ బండీ ట్రైలరూ కేశవరావువి. వాళ్ళుండే క్రెయిగీబర్న్‌లో ఆయన తెలియని తెలుగిల్లు లేదు. కొత్తగా దిగినవాళ్ళకి అద్దె ఇల్లు చూపిస్తాడు, వినాయకచవితి పందిరి ఖర్చు పెట్టుకుంటాడు, పని లేనివాళ్ళకి తన ట్రాన్స్‌పోర్ట్ షెడ్డులో పనిస్తాడు. ఇచ్చే కూలి మాత్రం చట్టం చెప్పిన రేటుకి గంటకి ఆరేడు డాలర్లు తక్కువ. అడిగితే, "మనవాళ్ళం కదమ్మా" అంటాడు. భర్త భార్గవ్ ఐటీ ఉద్యోగం ఊడిన నాటి నుంచి ఉదయశ్రీ ఆయన దగ్గర పార్సిల్ వ్యాన్ నడుపుతోంది.

సొంతంగా హాట్‌షాట్ మొదలుపెట్టాలని ఆమె కోరిక. ఎక్కడో ఏదో మిషను ఆగిపోతుంది, దాని విడిభాగం ఆ రోజే చేరాలి. అలాంటి అర్జంటు లోడు తీసుకుని ఉన్నపళంగా బయల్దేరే పని. దానికి ఏ బండి కొనాలా అని నెలల తరబడి తిరిగింది. ముందు ఒకే వరస సీట్లు, వెనక పొడుగాటి ట్రే ఉన్న పాత యూట్ ఆమె మనసుకి నచ్చింది. అర్జంటుగా అడిగేవి పంపులూ మోటార్లే, అవి ట్రేలోనే పడతాయి. అవసరమైన రోజుకి బ్రేకులున్న చిన్న ట్రైలర్ ఒకటి చాలు.

"చిన్న బండికి చిన్న బతుకేనమ్మా," అన్నాడు కేశవరావు. "యూటూ ట్రైలరూ కలిపి నా సెట్టు తీసుకో. పెద్ద ట్రైలర్ ఉంటే పెద్ద లోడ్లొస్తాయి." ముప్ఫై ఎనిమిది వేల డాలర్లు. వాయిదాలు ఆమె కిరాయిలోంచే కోసుకుంటాడు. మూడేళ్ళు ఆయన లోడ్లే తోలాలి, మరమ్మతులు మాత్రం ఆమెవి. రేపు సంతకాలు. ఈ రోజు తోలి చూసుకోమని, సీమర్ దగ్గర ఒక డెయిరీకి ఆమెతో పంపు పంపించాడు. పాలు పితికే మిషను పంపు కాలిపోయింది. సాయంత్రం పితికే వేళకి కొత్తది చేరకపోతే పొదుగులు సలిపి పశువులు అల్లాడిపోతాయి.

ఫోన్ చేసింది.

"అంకుల్, మీ ట్రైలర్‌కి బ్రేకుల్లేవు. వైరు కోసి టేపు చుట్టిన్రు."

"ఊరికే పట్టేస్తుంటే నేనే తీయించానమ్మా. ఏం కాదు, ఎనభైలో మెల్లగా లాగించెయ్. మన కుర్రాళ్ళందరూ దాన్నే తోలారు."

"పంపు ఒక్కటే అన్నరు. మరి దాని పక్కకు ఈ టైల్స్ ఏంది?"

"అదే దారేగా! ఇంకాస్త ముందుకెళ్ళి షెపర్టన్‌లో దించేస్తే నీకూ ఓ వంద మిగులుతుంది. ఆడపిల్లవి, భయపడ్డావు. కాసిని నీళ్ళు తాగి బయల్దేరు."

పెట్టేశాడు. కాసేపటికే భార్గవ్ చేశాడు. "ఉదయా, అంకుల్ కాల్ చేసిండు. ఎందుకు గొడవ? ఈ ఇల్లు గూడ ఆయన ఇప్పిచ్చిందే కదా. జర అడ్జస్ట్ చేస్కో."

"ఇల్లు ఇప్పిస్తే పానం గూడ ఇయ్యాల్నా భార్గవ్? పక్కపొంటి కార్లల్ల పిల్లలు పోతున్నరు. ఇది వాళ్ళ మీద పడితే అంకుల్ వస్తడా?"

ఫోన్ పెట్టేసింది.

అదే పార్కింగ్‌లో ఆగిన ఒక లారీలోంచి నెరిసిన జుట్టావిడ దిగింది. "యూ రైట్, లవ్?" అంటూ, బాగానే ఉన్నావా అని అడిగింది. ఉదయశ్రీ టేపు చుట్టిన వైరు చూపించింది. ఆవిడ ఒక బూతు తిట్టి, చేతి తొడుగులు తెచ్చుకుంది. ట్రైలర్ చక్రాలకి దిమ్మలు పెట్టి, దాన్ని యూట్ నుంచి విడదీశారు. యూట్‌ని తిప్పి, దాని ట్రేని ట్రైలర్ అంచుకి ఆనించి, పంపుని పలక మీదుగా ఇద్దరూ జరిపారు. ట్రేలో బిగించి కట్టాక ఇంకా చోటు మిగిలింది.

ట్రైలర్‌నీ టైల్స్‌నీ తాళం వేసి అక్కడే వదిలేసింది. పితికే వేళకి ముందే పంపు డెయిరీకి చేరింది.

పొద్దుండగానే షెడ్డుకి తిరిగొచ్చింది. కేశవరావు గేటు దగ్గరే ఉన్నాడు. పని ముగించిన డ్రైవర్లు నలుగురైదుగురు గోడ నీడన నిలబడ్డారు. భార్గవ్ కూడా వచ్చి, కారు దగ్గరే ఆగిపోయాడు.

"నా ట్రైలర్‌ని రోడ్డున పడేసి వస్తావా? అన్నం పెట్టిన చెయ్యమ్మా ఇది!"

"అన్నం మీరు పెట్టలే అంకుల్, నేను పని చేసిన. చేసినదానికి గూడ తక్కువిచ్చిన్రు." ఉదయశ్రీ యూట్ తాళాలు ఆయన చేతిలో పెట్టింది. "రేపు సంతకం పెట్ట. ఎల్లుండి గూడ పెట్ట. నాకు సరిపోయే బండి నేనే కొనుక్కుంట. చిన్నదే కొంట."

"ఎవడిస్తాడో చూస్తాను నీకు లోడ్లు!" కేశవరావు మొహం ఎర్రబడింది. గోడ వైపు తిరిగి, ఆ తాళాలే చాచాడు. "ఒరే వెంకీ, వెళ్ళి ట్రైలర్ లాక్కురా."

వెంకీ ముందుకి రెండడుగులు వేశాడు. అతని వీసా కాగితాలు కేశవరావు చలవతోనే నడుస్తున్నాయని అక్కడ అందరికీ తెలుసు. తాళాల వంక చూశాడు, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"బ్రేకులు బాగు చేయించండి అంకుల్," అన్నాడు. "అప్పుడెళ్తాను."

కేశవరావు చాచిన చెయ్యి అలాగే ఉంది. ఆ తాళాలు అందుకోవడానికి గోడ దగ్గర్నుంచి ఇంకెవరూ కదల్లేదు.